మునసామి గడ్డం

నాదస్వర విద్వాంసులు సంజీవులు గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ఏదైనా అడిగితే ఆ పూటకు జవాబు చెప్పేవారు కాదు. విన్నట్టు తల ఊపేవారు, మళ్ళీ తన పనిలో పడేవారు. జవాబు ఏ వారానికో, ఏ నెలకో వచ్చేది. కొన్నిసార్లు వచ్చినట్టు కూడా తెలిసేది కాదు. భావనారాయణ పన్నెండేళ్ళుగా ఆయన దగ్గర సన్నాయి నేర్చుకుంటున్నాడు కాబట్టి ఈ పద్ధతి అతనికి కొత్త కాదు. అయినా చెన్నైలో, ఆ డార్మిటరీ మెట్ల మీద అడిగిన ప్రశ్నకు మాత్రం అప్పటికప్పుడు జవాబు కావాలనిపించింది.

"గురువుగారూ, మనం ఎవరమని ఎవరైనా అడిగితే ఏమని చెప్పాలి?"

సంజీవులు గారు తల ఊపి, మంచినీళ్ళ సీసా నింపుకోవడానికి వెళ్ళిపోయారు.

ఆ ప్రశ్న పుట్టడానికి కారణం ఉంది. నగరంలోని ఒక పెద్ద సంగీత సభవారు ఆ ఏడు సంజీవులు గారిని పిలిచారు. సభ మొదలయ్యే ముందు గుమ్మం దగ్గర పది నిమిషాలు మంగళవాద్యం వాయించి పొమ్మని కాదు, వేదిక మీద రెండు గంటల కచేరీకి. అరవై నాలుగేళ్ళ వయసులో ఆయనకు అలాంటి పిలుపు రావడం అదే మొదలు. విద్వాంసుడికి మంచి హోటల్లో గది ఇస్తామనీ, వెంట వచ్చేవాళ్ళు తమ ఏర్పాటు తాము చూసుకోవాలనీ ఉత్తరంలో రాశారు. ఆయన రెండు ముక్కల్లో బదులు రాయించారు. శిష్యుడు ఎక్కడ పడుకుంటే తానూ అక్కడే పడుకుంటానని. డోలు వాళ్ళిద్దరూ పొద్దుటి రైలుకి దిగి నేరుగా సభకే వస్తామన్నారు. అలా గురుశిష్యులిద్దరూ ఎగ్మూరు స్టేషను వెనక సందులో, మూడో అంతస్తులో ఉన్న డార్మిటరీకి చేరారు.

ఒక పొడుగాటి గది. గోడ వెంబడి కింద నాలుగు, పైన నాలుగు ఇనప మంచాలు. ఒక్కొక్కరికి ఒక ఇనప బీరువా అర, దానికి తాళం మనదే. ఫోన్లకు చార్జింగ్ పెట్టుకునే చోటు ఒక్కటే ఉండటంతో దాని దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు కాపలా. చివర వరండాలో మూడు సింకులు, వాటి పైన అంచులు నల్లబడిన ఒకే అద్దం. తడి బట్టలు మంచాల కమ్మీలకు ఆరేయకూడదని మూడు భాషల్లో రాసి ఉంది. ఆ కాగితం కిందే ఎవరిదో తువ్వాలు ఆరుతోంది. సంజీవులు గారు కింది మంచం మీద దుప్పటి పరుచుకుని, సన్నాయి పెట్టెను తల వైపు పెట్టుకుని, సొంత ఇంట్లో ఉన్నంత నింపాదిగా కూర్చున్నారు. భావనారాయణకు మాత్రం మనసు కుదురుగా లేదు.

ఎదుటి మంచం అబ్బాయి పేరు శ్రీవత్స. పుణెలో ఉద్యోగం. పది రోజులు సెలవు పెట్టి కచేరీలు వినడానికే వచ్చాడట. సన్నాయి పెట్టె చూడగానే దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. రాగాల పేర్లు, పాత విద్వాంసుల పేర్లు అతని నాలుక చివర ఉన్నాయి. రేపటి కచేరీకి తప్పకుండా వస్తానన్నాడు. మాటల్లో మాటగా, మీది వంశపారంపర్యంగా సంగీతమేనా, నాన్నగారు కూడా విద్వాంసులేనా అని అడిగాడు. అతని గొంతులో ఉన్నది మర్యాదే. ఆ మర్యాదను పోగొట్టుకోవడం భావనారాయణకు ఇష్టం లేకపోయింది. "అవునండీ, నాన్నగారూ దేవస్థానంలో విద్వాంసులే" అన్నాడు.

భావనారాయణ తండ్రి వెంకట్రామయ్యకు బాపట్ల రైల్వే గేటు దగ్గర సెలూను ఉంది. రెండు కుర్చీలు, ఒక నిలువుటద్దం. కొడుకు డిగ్రీ చదువు, సన్నాయి చదువు రెండూ ఆ కుర్చీల మీదే నడిచాయి. సెలవుల్లో భావనారాయణే రెండో కుర్చీ దగ్గర నిలబడేవాడు. నాయీ బ్రాహ్మణుల ఇళ్ళలో సన్నాయీ కత్తీ ఒకే గూట్లో ఉండటం వింత కాదు. సంజీవులు గారి తాత పొద్దున ఊళ్ళో గడ్డాలు గీసి, సాయంత్రం గుళ్ళో స్వామి పవళింపు సేవకు సన్నాయి వాయించేవాడట. ఇదంతా తెలిసిన గురువు రెండడుగుల దూరంలో కూర్చుని, సన్నాయి కొసన పెట్టి ఊదే పీకకు దారం చుట్టుకుంటూ, శిష్యుడి మాట విన్నారు. తల ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని భావనారాయణకు అనిపించింది. అందుకే మెట్ల దగ్గర ఆ ప్రశ్న.

మర్నాడు ఏడింటికి భావనారాయణ మొహం కడుక్కోవడానికి వరండాలోకి వెళ్ళాడు. అద్దం ముందు ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. పై మంచం ఎక్కలేనంటే నిన్న మేనేజరు ఆయనకు తలుపు పక్క కింది మంచం ఇచ్చాడు. పేరు మునసామి. తిరుత్తణి దగ్గర పల్లె, లారీ నడిపి మానేశాడు. కుడి చెయ్యి వణుకుతోంది. ఎడమ చెంప మీద కంటి కింద నుంచి దవడ దాకా కాలిన మచ్చ, ఎప్పుడో రేడియేటరు నీళ్ళు చిమ్మినప్పటిది. మొహమంతా సబ్బు నురగ. ఆ నురగలో రెండు చోట్ల ఎర్రగా కారుతోంది. చేతిలో ప్లాస్టిక్ రేజరు.

భావనారాయణకు ఒక్క చూపులోనే విషయం అర్థమైంది. ముడతలు పడిన మచ్చ మీద రేజరును కింది నుంచి పైకి లాగుతున్నాడు. అలా లాగితే తెగుతుంది. చర్మాన్ని రెండు వేళ్ళతో బిగబట్టి, పక్కకు, వెంట్రుకవాసి బరువుతో దించాలి. చెప్పడానికి నోరు తెరిచాడు. ఇంతలో శ్రీవత్స పళ్ళు తోముకునే బ్రష్షుతో పక్క సింకు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. భావనారాయణ మొహం కడుక్కుని లోపలికి వచ్చేశాడు.

కాసేపటికి మునసామి కూడా వచ్చాడు. తువ్వాలు చెంపకు అదిమి పెట్టుకుని తన మంచం మీద కూలబడ్డాడు. గడ్డం అక్కడక్కడా చెక్కినట్టుంది. మంచం కమ్మీకి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేలాడుతోంది. సంజీవులు గారు పలకరించారు. ఏం సంగతని అడిగితే ఆయన మెల్లగా చెప్పుకొచ్చాడు. ఒక్కతే కూతురు, కనకవల్లి. ఇక్కడే లా చదివింది. ఆ రోజు తొమ్మిదిన్నరకు హైకోర్టులో నల్ల గౌను వేసి న్యాయవాదిగా ప్రమాణం చేయిస్తారు. వాళ్ళ ఊరికంతటికీ ఆమే మొదటి లాయరు. తండ్రి ముందు వరసలో కూర్చోవాలని కూతురు మరీ మరీ చెప్పింది.

"ఈ మొగం పెట్టుకోని కోర్టుకు యాడ పొయ్యేదన్నా? అందరూ పెద్దోళ్ళొస్తారు. జొరమొచ్చిందని బిడ్డకు ఫోను జేసి చెప్పేస్తా."

ఊళ్ళో సెలూనుకు పోయినా ఆ మచ్చ దగ్గర తెగేదేనట, అందుకే అటు పోవడం మానేశాడట. పైగా ఆ సందులో దుకాణాలు తొమ్మిదికి గాని తెరవరు. మాట్లాడుతూనే ఫోను చేతిలోకి తీసుకున్నాడు. వేలు వణికి నంబరు సరిగా పడలేదు.

సంజీవులు గారు లేచారు. అప్పటికే స్నానం చేసి జరీ అంచు పంచె కట్టుకుని, విభూతి పెట్టుకుని ఉన్నారు. సంచిలోంచి చిన్న తోలు పొది తీశారు. అందులో అర బ్లేడు వేసుకునే కత్తి, కుంచె, పటిక బిళ్ళ. కత్తికి కొత్త బ్లేడు వేసి, మేనేజరును అడిగి వేణ్ణీళ్ళు తెప్పించి, కిటికీ దగ్గర వెలుతురులోకి ప్లాస్టిక్ కుర్చీ జరిపారు. మునసామి కంగారుగా వద్దన్నాడు. మీరు కచేరీ చేసే పెద్దమనుషులు, మీ చేత ఈ పనేమిటన్నాడు. సంజీవులు గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, మెడ చుట్టూ తువ్వాలు చుట్టి, నురగ పట్టించడం మొదలుపెట్టారు.

గదిలో అందరూ చూస్తున్నారు. శ్రీవత్స బ్రష్షు చేత్తో పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాడు. భావనారాయణ వాళ్ళకు వీపు తిప్పాడు. పెట్టె సర్దుతున్నట్టు వంగి, సర్దిన బట్టలే మళ్ళీ సర్దాడు. సరిగ్గా అప్పుడే సభ కార్యదర్శి వరదాచారి గారు పైకి వచ్చారు. ఎనిమిదింటికి రావలసిన మనిషి, గౌరవం కోసం అరగంట ముందే వచ్చి, మూడంతస్తులు ఎక్కి, చేతిలో శాలువా పట్టుకుని నిలబడ్డారు. ఎదురుగా ఆయన పిలిపించిన విద్వాంసుడు జరీ పంచె మోకాళ్ళ దాకా ఎగదోపి, ఎవరో దారిన పోయే మనిషికి గడ్డం గీస్తున్నాడు.

వరదాచారి గారు మంచివారే. కాస్త తటపటాయించి, భావనారాయణ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నారు. ఇదేమీ బాగాలేదని, చూసినవాళ్ళు నాలుగు చోట్ల చెప్పుకుంటారని, కావాలంటే తన డ్రైవరును పంపి ఎవరినైనా పిలిపిస్తానని. అంత చిన్న గదిలో ఎంత తగ్గించినా మాట వినపడుతుంది.

సంజీవులు గారి చెయ్యి ఆగలేదు. "ఇంకో చెంప ఉందండీ. కూర్చోండి" అన్నారు.

ఆ మాటలో కోపం లేదు, బతిమాలడం లేదు. కార్యదర్శి గారు పక్కనున్న మంచం అంచున కూర్చున్నారు.

కుడి చెంప, గడ్డం, మెడ పూర్తయ్యాయి. మచ్చ ఉన్న ఎడమ చెంప దగ్గరికి వచ్చేసరికి సంజీవులు గారు కత్తి తుడిచి, మడవకుండానే శిష్యుడి వైపు చాచారు.

"ఇక్కడ నాకు చూపు ఆనదు. నువ్వు పట్టు."

నిన్న సాయంత్రం మసక వెలుతురులో కళ్ళజోడు లేకుండా పీకకు దారం చుట్టిన కళ్ళవి. ఆ సంగతి భావనారాయణకు తెలుసు. గురువుకూ తెలుసు. కత్తి ఇద్దరి మధ్యా గాలిలో ఉంది. భావనారాయణ శ్రీవత్స వైపు చూడలేదు, శాలువా వైపు చూడలేదు. కుర్చీలో ఉన్న మనిషిని చూశాడు. మునసామి కళ్ళు గట్టిగా మూసుకుని, తెగబోయే చోటు కోసం కాచుకున్నట్టు దవడ బిగించి ఉన్నాడు.

భావనారాయణ చేతులు కడుక్కుని వచ్చి కత్తి అందుకున్నాడు. నురగ మళ్ళీ కొత్తగా పట్టించాడు. ఎడమ చేతి రెండు వేళ్ళతో మచ్చ పక్క చర్మాన్ని బిగబట్టి, మొదటి గీత పక్కకు దించాడు. ఏమీ తెగలేదు. మచ్చ మీద చర్మం ఒక చోట నున్నగా, ఒక చోట దారాలు కలిపి కుట్టినట్టుగా ఉంది. ప్రతి మలుపు దగ్గరా వేలు ముందు వెళ్ళి చూసి వచ్చింది, కత్తి దాని వెనక నడిచింది. సన్నాయి మీద సగం మూసిన రంధ్రం దగ్గర వేలు ఎంత బరువు మోపాలో అతనికి ఎవరూ మాటల్లో చెప్పలేదు. ఇదీ అంతే. బాపట్లలో తండ్రి పక్కన నిలబడి ఎన్ని వందల చెంపల మీద నేర్చుకున్నాడో అదంతా వేళ్ళలోనే ఉంది, ఎక్కడికీ పోలేదు. కాసేపటికి గదిలో మనుషులున్నారన్న సంగతే మరిచాడు. మునసామి దవడ బిగువు కొద్దికొద్దిగా వదిలింది.

చివర పటిక రాసి తువ్వాలు తీశాడు. శ్రీవత్స తన ఫోను అద్దంలా పట్టుకున్నాడు. మునసామి చాలాసేపు చూసుకున్నాడు. ఎడమ చెంప మీద అరచెయ్యి ఆనించి, మచ్చ పొడుగునా మెల్లగా కిందికి తెచ్చాడు. ఒక్క గాటు లేదు.

"ఎవరి బిడ్డవు నాయినా నువ్వు?"

భావనారాయణ కత్తి కడుగుతున్నాడు. కడగడం పూర్తి చేసి, ఆరబెట్టి, మడిచి, అప్పుడు అందరికీ వినపడేలా చెప్పాడు. "బాపట్ల రైల్వే గేటు దగ్గర సెలూను వెంకట్రామయ్య గారి అబ్బాయినండీ. ఈ పని మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. సన్నాయి వీరి దగ్గర."

శ్రీవత్స అతని వైపు ఒక్క క్షణం చూశాడు. నిన్నటి మాట గుర్తొచ్చే ఉంటుంది.  తనే మునసామికి చొక్కా గుండీలు పెట్టి, మెట్లు దింపి ఆటో ఎక్కించి వచ్చాడు. కిటికీలోంచి భావనారాయణకు ఆటోలో తెల్ల చొక్కా, నిటారుగా పెట్టిన తల కనిపించాయి. జరీ పంచె మీద పడిన నురగ మరకను సంజీవులు గారు తడి గుడ్డతో తుడుచుకుంటుంటే, వరదాచారి గారు లేచి వచ్చి పంచె అటు కొస పట్టుకున్నారు.

కచేరీలో బిలహరి రాగం ఆలాపన మొత్తం గురువుగారు శిష్యుడికి వదిలేశారు. అలా ఎన్నడూ జరగలేదు. భావనారాయణ మొదట తడబడి, తరవాత మెల్లగా దాని మెట్లు ఎక్కాడు. పై షడ్జమం మీద ఊపిరి ఉన్నంతసేపూ నిలబడ్డాడు. దించి సన్నాయి ఒడిలో పెట్టుకునేసరికి ముందు వరసలో శ్రీవత్స లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు, వెనక వరసలూ లేస్తున్నాయి. డోలు వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. రెక్కల కింద చెమట చల్లబడుతుంటే భావనారాయణకు తన తండ్రి అక్కడ, ఆ జనంలో, ఏదో ఒక కుర్చీలో కూర్చుని ఉంటే బాగుండేదనిపించింది.

కృతి ఎత్తుకునే ముందు రెండు క్షణాలు వ్యవధి దొరికింది. అతను గురువు వైపు వంగి, ఎలా ఉందని అడిగాడు.

సంజీవులు గారు పీక నోట్లో పెట్టుకుని తడిపి, తీసి, చూసుకుంటూ అన్నారు.

"మునసామి ఎడమ చెవి కింద నాలుగు వెంట్రుకలు వదిలేశావు. ఊరు వెళ్ళగానే రెండు రోజులు మీ నాన్న దగ్గర నిలబడు. సాధన తగ్గింది."