చెలమలమ్మ ముఖాన పసుపు

మిట్టేటిపల్లెలో బస్సు దిగి ఏటి ఒడ్డు వెంట ఇసుకబాటలో పావు మైలు నడిస్తే చెలమలమ్మ గుడి వస్తుంది. పెద్ద గుడి కాదు. గోపురం లేదు. ఎనిమిది రాతి స్తంభాల మీద ఒక కప్పు, దాని వెనుక ఒక చీకటి గది, అంతే. ఆ గదిలో అమ్మవారు రెండున్నర అడుగుల ఎత్తున తూర్పు ముఖంగా కూర్చుని ఉంటుంది. ఆమె నుదుటి మీద, ముక్కు మీద, రెండు చెంపల మీద జొన్నగింజ పట్టేటంత గుంటలున్నాయి. కొత్తగా వచ్చినవారు రాయి పాతబడి అలా అయిందనుకుంటారు. అది నిజం కాదు. ప్రతిష్ఠ జరిగిన రోజుకే ఆ గుంటలున్నాయి. వెండి ముఖం చేయించి తొడుగుతామని మొక్కుకున్నవారు చాలామంది వచ్చారు. గుడివారు ఒక్కరికీ ఒప్పుకోలేదు.

పూర్వం ఇక్కడ విగ్రహమే లేదు. ఊరివారు ఒక వేపకొయ్యను పాతి, దానికే పసుపు పూసి కొలిచేవారు. జాతరనాడు తొలి పసుపు పెట్టే వంతు గంగులమ్మ ఇంటి పెద్దకోడలిది. ఆ కాలంలో ఆ పెద్దకోడలు తిప్పక్క. పాతికేళ్లది. పొరుగూళ్ల ఆడవాళ్లు కూడా ఆమెను చూసి పసుపు ఎలా పూసుకోవాలో నేర్చుకునేవారట.

ఒక కరువు సంవత్సరంలో ఊరికి పెద్దమ్మవారు, అంటే మశూచి, సోకింది. ఇంటింటా వేపమండలు వేలాడాయి. తిప్పక్కకు ఒళ్లంతా పోసింది. ఇరవై రోజులు అరటాకు మీద పడుకుంది. బతికింది.

లేచి తిరిగిన తొలి రోజు ఆమె ముఖం కడుక్కుంది. వెనకటి రోజుల్లో అయితే నీళ్లు చెంపల మీది నుంచి జారిపోయేవి. ఇప్పుడు అవి నిలిచాయి. కొంగుతో తుడిచినా తడి పోలేదు. ఏ గుంటకు ఆ గుంటలో చల్లగా ఉండిపోయింది. అరచేయి వేసి చూసుకుంటే ఆ చేయి ఎవరి ముఖాన్నో తాకినట్టుంది. మాడు మీద వెంట్రుకలు పోయిన చోట గాలి తగిలితే ఉలిక్కిపడేది. భర్త మంచివాడే, కాని మాట్లాడుతున్నంతసేపు ద్వారబంధం వంక చూసేవాడు. వచ్చినవారంతా ఆమె చెవులనో కాళ్లనో చూస్తూ పలకరించేవారు. కొన్నాళ్లకు ఆమె ఎవరికీ ఆ కష్టం లేకుండా ముసుగు దించుకుని లోపలి గదిలోనే ఉండిపోయింది.

మూడు నెలలు గడిచాయి. ఊరు చల్లబడింది. ఊరి పెద్ద ఓబుళరెడ్డి అమ్మవారికి రాతి విగ్రహం చేయిస్తానని మొక్కుకుని కాళాచారి అనే శిల్పిని పిలిపించాడు. అదే నోటితో ఇంకొక మాట కూడా అన్నాడు: "తొలి పసుపు ఈసారి చిన్నకోడలు పెడుతుంది. కొత్త విగ్రహానికి మచ్చలేని చేయి ఉండాల."

గోడ అవతల తిప్పక్క ఆ మాట విన్నది. ఆ రోజు నుంచి ఆమె నిద్ర కూడా తగ్గిపోయిందంటారు.

కాళాచారి నునుపైన ముఖం చెక్కాడు. ప్రతిష్ఠకు ముందు ఆచారం ప్రకారం విగ్రహాన్ని మూడు రోజులు నీటిలో ఉంచారు. ఏరు ఎండి ఉన్నందున మైలు దూరంలో ఇసుక తోడి, ఊరిన నీళ్లను కుండలతో మోసి రాతి తొట్టి నింపారు. ఇసుకలో తవ్వే అలాంటి నీటి గుంటనే ఈ ప్రాంతంలో చెలమ అంటారు. నాలుగో రోజు ఉదయం డప్పులు మోగుతుండగా విగ్రహాన్ని పైకెత్తారు. డప్పులు ఒక్కసారిగా ఆగిపోయాయి. రాతిలో దాగిన మెత్తటి సున్నపు పలుకులు నీటికి నాని రాలిపోయి, అమ్మవారి ముఖం నిండా గుంటలు తేలాయి.

"లక్క, రాతిపొడి కలిపి పూడ్చేస్తా, రెడ్డీ. కనపడదు," అన్నాడు కాళాచారి.

ముందు పసుపుతో కప్పి చూద్దామన్నారు. తిప్పక్క తోడికోడలు సుంకులు ముద్దగా కలిపి దట్టంగా పట్టించింది. ఎండకు అది ఆరింది, పగిలింది. ముక్కు మీది పెళ్ల ఊడి సుంకులు ఒళ్లో పడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఓబుళరెడ్డి నవ్వలేదు.

"పసుపు నిలవని ముఖం ఏం ముఖం? ఇది భిన్నమైన విగ్రహం, పూజకు పనికిరాదు. ఏట్లో కలిపేయండి."

"ఏట్లో నీళ్లేవి రెడ్డీ?" అన్నాడు పార పట్టుకున్న మనిషి.

"అయితే ఇసకలో పూడ్చండి. పొద్దు గూకేలోపల అయిపోవాల."

గంగులమ్మ రొప్పుతూ ఇంటికి వచ్చి కోడలితో జరిగినదంతా చెప్పింది. "అమ్మవారికి కూడా నీ ముఖమే వచ్చిందే తిప్పక్కా. పూడ్చి పెడతాండారు," అన్నది.

తిప్పక్కకు అర్థమైంది. ఆ ముఖం పూజకు పనికిరాకపోతే తన ముఖం దేనికీ పనికిరాదని ఊరు తేల్చేసినట్టే. రేపటి నుంచి ఈ గదే తన గొయ్యి. ఆమె లేచి పసుపు గిన్నె తీసుకుంది.

"యాడికే?" అన్నది అత్త.

"నా వంతు నేను పెట్టొస్తా, అత్తా."

తిప్పక్కకు అమ్మవారు కలలో కనబడి ఆజ్ఞ ఇచ్చిందని ఒక కథనం ఉంది. ఆమె వంశస్థులు దాన్ని ఒప్పుకోరు. ఆ రోజుల్లో ఆవిడకు కల వచ్చేంత నిద్ర ఎక్కడిదని వారి వాదన.

ఆమె నడవలేదు, పరుగెత్తింది. ఇసుకలో కాళ్లు కూరుకుపోతున్నా ఆగలేదు. దారిలో ముసుగు జారితే సర్దుకోలేదు. మూడు నెలల తరువాత ఎండ నేరుగా ముఖాన పడింది. చెంపలు చిమచిమలాడాయి. ఆమె వెళ్లేసరికి గొయ్యి నడుము లోతుకు వచ్చింది, విగ్రహం దాని అంచున వాలి ఉంది.

"నువ్వెందుకొచ్చినావమ్మా? ఇంటికి పో," అన్నాడు ఓబుళరెడ్డి, చూపు పక్కకు తిప్పుకుని.

"నా వైపు చూసి చెప్పు, పెదనాయనా."

అతను చూడలేకపోయాడు. అప్పుడే గోతిలోంచి కేక వినిపించింది. "నీళ్లు! నీళ్లు పడినాయి!" జనమంతా గొయ్యి చుట్టూ మూగారు. అడుగున ఇసుక నల్లబడి, బుడబుడమంటూ నీరు ఊరుతోంది. కరువులో, ఊరి ముంగిట, నీరు! తిప్పక్క గిన్నె అందించింది. పార మనిషి దాన్ని నింపి పైకిచ్చాడు.

ఆమె పసుపును పలుచగా కలిపింది. అమ్మవారి వైపు తిరగలేదు. జనం వైపు తిరిగి కూర్చుని తన ముఖానికే పూసుకుంది.

"పసుపు నిలవదన్నారు కదా, చూడండి. మీరు గుంటలు దాయాలని పూసినారు, అందుకే ఊడింది. వీటికి ముద్ద పనికిరాదు. ఇట్లా, చిటికెన వేలితో ఒక్కోదాంట్లో అద్దాల." అద్దింది. నుదురు, ముక్కు, చెంపలు. తరువాత, వెనకే వచ్చిన అత్త చేతిలోని నీళ్ల చెంబు లాక్కుని ఆ నీళ్లన్నీ ముఖాన గుమ్మరించుకుంది. పై పసుపు కొట్టుకుపోయింది. గుంటల్లోది కదల్లేదు. మధ్యాహ్నపు ఎండలో ఆమె ముఖం నిండా పసుపు చుక్కలు మెరిశాయి.

ఆడవాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ ముందుకు వచ్చారు. ఇన్నాళ్లూ ఆమె ముఖం తప్పించుకు తిరిగినవారు ఇప్పుడు వంగి, మరీ దగ్గరగా, కన్నార్పకుండా చూస్తున్నారు. తిప్పక్కకు తల దించుకోవాలనిపించలేదు. సుంకులు చేయి చాచి ఆమె చెంపను తాకింది. "అక్కా, ఈ పక్కన ఒకటి మిగిలిపోయింది," అంటూ తానే అద్దింది. జబ్బు దిగిన తరువాత ఇంకొకరి వేలు ఆ చెంపను తాకడం అదే మొదలు. తిప్పక్కకు ఆ స్పర్శ ఎముక దాకా తెలిసింది. ఈసారి అది తన చెంపే.

ఆమె లేచి ఓబుళరెడ్డి ముందు నిలబడింది. "ఊరంతటికీ పోసిన తల్లి పెదనాయనా, ఆమె ముఖాన మాత్రం గుంటలు పడకుండా ఉంటాయా? మన ముఖాలు ఆమెకు తెలియొద్దా?"

కాళాచారి చేతిలోని లక్క ముద్దను ఇసుకలోకి విసిరేశాడు. "విరిగితే భిన్నం, రెడ్డీ. ఇది విరగలేదు. రాతిలో ఉన్నదే బయటికి వచ్చింది," అన్నాడు.

రెడ్డి ఒకసారి విగ్రహం వంక, ఒకసారి గొయ్యి వంక చూశాడు. గోతిలోని మనిషి తల ఎత్తి, "తొందరగా చెప్పు రెడ్డీ! మోకాళ్ల దాకా వచ్చినాయి, పూడ్చేది ఎట్లా?" అని అరిచాడు. జనం గొల్లున నవ్వారు. ఓబుళరెడ్డి అప్పుడు తిప్పక్క వైపు తిరిగాడు. ముఖంలోకి చూశాడు. "పెట్టమ్మా, నీ వంతే కదా," అన్నాడు. డప్పులు మళ్లీ మోగాయి. ఆ డప్పుల హోరులో ఆమె అమ్మవారి ముఖాన ఒక్కొక్క గుంటలో పసుపు అద్దింది.

గొయ్యి పక్కనే గుడి కట్టారు. ఆ చెలమ పేరే అమ్మవారి పేరైంది. చెలమ ఇప్పుడు రాతి వరలో ఉంది, ఊరివారికి గుర్తున్నంతలో ఎన్నడూ ఎండలేదు. పసుపు కలపడానికి ఆ నీళ్లే వాడతారు. మాఘమాసంలో నాలుగో ఆదివారం జాతర. మరెక్కడైనా అమ్మవారికి పెట్టిన తరువాతే మనుషులకు పసుపు. ఇక్కడ జబ్బు వల్ల రూపం మారిన ఒక మనిషి ముఖానికి ముందు పెడతారు, ఆ తరువాతే అమ్మవారికి. ఆ మనిషిని ఏం జరిగిందని ఎవరూ అడగరాదు. అమ్మవారిని కడిగినప్పుడు గుంటల్లో నిలిచిన పసుపే ప్రసాదం. దాన్ని తీసుకున్నవారు తమ ఊరికి ముసుగు లేకుండా వెళతారని నమ్మకం. మచ్చలు పోవాలని ఇక్కడ ఎవరూ మొక్కుకోరు.

కిందటి జాతరకు దవడ పుండుకు ఆపరేషన్ అయిన ఒక పంతులమ్మ వచ్చారు. మెడ చుట్టూ, గడ్డం మీదుగా శాలువ కప్పుకుని ఉన్నారు. తిప్పక్క వంశంలో ఇప్పటి పెద్దకోడలు సుబ్బక్కకు ఎనభై ఏళ్లు. ఆమె పంతులమ్మను చెలమ ఒడ్డున కూర్చోబెట్టి, శాలువ తీసి మడిచి పక్కన పెట్టి, గిన్నెలో వేలు ముంచింది. పంతులమ్మ తల వంచుకునే ఉన్నారు. వెనుక జనం తోసుకుంటున్నారు, డప్పులవాళ్లు పుల్లలు ఎత్తి ఎదురు చూస్తున్నారు.

"తల కొంచెం పైకెత్తు తల్లీ," అన్నది సుబ్బక్క. "యాడ పెట్టాలనో నాకు కనపడొద్దా?"