ఎద్దు కోరుకున్న పల్లపు నేల

1957 మే 26, ఆదివారం. రోహిణి కార్తె అప్పుడే మొదలైంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. పడమటి గాలి పొయ్యిలోంచి వచ్చినట్టు కొడుతోంది. ఎండిన గుండ్లవంక వాగులో ఇసుక కాలు పెట్టనివ్వడం లేదు. జంతువుల కథకు తారీఖు దేనికంటారా? లాభపడినవాళ్లు తారీఖులు మరిచిపోతారు. నష్టపోయినవాళ్ల తరఫున ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి.

ఆ రోజు వంక ఒడ్డున తుమ్మచెట్ల కింద నక్క సభ పెట్టింది.

"సింహం రాజావారు ఆనకట్ట మంజూరు చేశారు. లోయకు అడ్డంగా కట్ట పడుతుంది. కాలువ వస్తుంది. వాన కోసం ఆకాశం వంక చూసే బతుకులు ఇక చాలు!" అంది.

"లోయలో మా నేలుంది కదా బావా," అంది ఎద్దు. దాని పేరు మైలన్న. తాతల నాటి నుంచి ఆ లోయలో జొన్న, కొర్ర పండించుకుని బతికే కుటుంబం. ఆ యేడే దానికి కోడెదూడ పుట్టింది. ఆ దూడకు కాస్త నేల మిగల్చాలన్నదే దాని ఆశ.

"మునుగుతుంది. మునిగితేనేం? కాలువ కింద అంతకంత ఇస్తాం. నీ దూడ వరిగడ్డి తింటుంది బావా."

"మెత్తగా ఉంటుందట కదా!" అంది గాడిద నోరూరిపోతూ.

నేను కాలేజీలో చదివే రోజుల్లో ఆర్థికశాస్త్రం మాస్టారొకరు ఆనకట్ట అనే మాట వచ్చినప్పుడల్లా కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. ఆనందంతో కళ్లు చెమర్చేవి పాపం. మంచివాడే. కాని ఆయన పాఠంలో నీళ్లు ఎప్పుడూ వచ్చేవే తప్ప ఎక్కడికీ పోయేవి కావు. సరే, కథలోకి వస్తాను.

కట్ట లేచింది. రాళ్లు లాగింది ఎద్దు. మట్టి మోసింది గాడిద. మట్టిని తొక్కి గట్టిపరిచింది గొర్రెక్క, దాని మందా. పొడుగు కాళ్లతో ఎత్తుపల్లాలు కొలిచింది కొంగ ఇంజనీరు. నక్క గొడుగేసుకుని తిరుగుతూ అందరినీ మెచ్చుకుంది.

నేల పంపకం రోజున నక్క రెండు చేతులూ జోడించింది.

"ముందు మీరు కోరుకోండి. మీరంతా వద్దన్నదే నేను తీసుకుంటాను."

మెట్ట సేద్యగాళ్లు నేల ఎంచుకునేటప్పుడు పల్లం చూస్తారు. వాన ఎక్కడ కురిసినా జారి జారి అక్కడికే చేరుతుంది కనుక. మైలన్న కూడా పల్లంలోని నల్లరేగడిని గిట్టతో తవ్వింది. అడుగుమట్టి వాసన చూసింది. మూతితో నొక్కితే మట్టి అంటుకుంది.

"ఎండాకాలంలోనూ పదును ఆరలేదు చూశారా! ఇది నాది," అంది. దూడను పిలిచి ఆ మట్టి మీద నిలబెట్టింది. గాడిదా, గొర్రెక్కా ఆ పక్కనే కోరుకున్నాయి.

మిగిలింది కాలువ తూము దగ్గరున్న ఎర్రమిట్ట. అంతా గరుసు. గడ్డిపోచ మొలవదు.

"నా రాత," అని నిట్టూర్చింది నక్క.

"ఎంత త్యాగం!" అని గాడిద కళ్లు తుడుచుకుంది. తంగేడు పూల దండ తెచ్చి నక్క మెడలో వేశారు.

అప్పుడు గొర్రెక్క మెల్లగా అడిగింది. "తమ్ముడూ, నీళ్లు వచ్చే దారి చూపించావు, బాగుంది. పొలాల్లోంచి పోయే దారి ఏది?"

సభ గొల్లున నవ్వింది.

"నీళ్లు లేక నాలుక పిడచగట్టి ఛస్తుంటే, పోయే దారి అడుగుతుందేమిటి ఈవిడ!" అంది గాడిద.

"వచ్చిన చుక్కను పోనిస్తామా అక్కా?" అని మైలన్న కూడా నవ్వింది.

కొంగ ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకుంది. నక్క మాత్రం అందరి తర్వాత, ఆచితూచి నవ్వింది.

కాలువ పారింది. మొదటి పంటకు మైలన్న గాదె నిండింది, అబద్ధమెందుకు? ఆ తర్వాత నక్క తూము పక్కనే మిట్టంతా మడులు కట్టి, పంట మీద పంటగా వరి వేసింది. రేయింబవళ్లు నీళ్లు నిలబెట్టింది. గరుసు నేల తాగిన నీళ్లు ఊరుకుంటాయా? అడుగు నుంచి జారి పల్లంలో ఊటగా తేలాయి. మైలన్న పొలంలో గిట్ట పెడితే మోకాలిదాకా దిగబడింది. వేళ్లు కుళ్లి జొన్న పసుపుబారింది. ఎండాకాలానికి నేలంతా తెల్లగా మెరిసింది.

"మైలన్నా, పత్తి విరగకాసిందే నీ చేలో!" అంటూ గాడిద వచ్చి నాలుకతో తాకి, తుపుక్కున ఉమ్మేసింది. "ఉప్పు!"

నల్లరేగడి చౌడైపోయింది. గాడిద చేను, గొర్రెక్క చేను కూడా.

ఊటనీళ్లు గుండ్లవంకలోకి పోవాలి కదా, ఎందుకు పోవడం లేదని ముగ్గురూ వెళ్లి చూశారు. వంకకు అడ్డంగా మరో కట్ట! వెనక చేపల చెరువు. మధ్యలో కొంగ, గట్టు మీద నక్క.

"బావా, ఆ కట్టకు గండి పెట్టు. నా చేలో నీళ్లు దిగిపోతాయి," అంది మైలన్న.

"చేపలూ పోతాయిగా," అంది కొంగ. నోట్లో చేప ఉండడం వల్ల మాట సరిగా రాలేదు.

"వంక అందరిదీ!"

"ఎండిన వంక అందరిదీ బావా. నీళ్లున్న వంకకు అనుమతి కావాలి," అంది నక్క. "అనుమతి నాకుంది."

"ఇలా అవుతుందని నీకు ముందే తెలుసా?"

"తెలుసు. కొలిచిన రోజే కొంగగారు చెప్పారు."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు."

"నేనడిగాను," అంది గొర్రెక్క.

"అడిగావక్కా, కాదనను. నవ్వింది వీళ్లే."

మైలన్న తల దించుకుంది.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. నవ్వినందుకు నేల పోవాలా? కడుపు మాడినవాడు నీళ్లనగానే నవ్వకేం చేస్తాడు? చదువుకున్న కొంగకు నోరు లేదా? తెలిసి చెప్పకపోవడం మోసం కాదా? రాళ్లు లాగినవాడిది తప్పూ, గొడుగేసుకున్నవాడిది తెలివీనా? ఆ తంగేడు దండ నక్క ఇంట్లో ఇంకా వేలాడుతోంది, వచ్చేపోయేవాళ్లకు చూపించడానికి.

"బాధపడకు బావా," అంది నక్క చివరికి. "ఆ చౌడు నాకొదిలెయ్. నా మిట్ట మీద కాడి మొయ్యడానికి రా. గడ్డి నాది, మెడ నీది."

దూడ డొక్కలు ఎండి ఉన్నాయి. మైలన్న మెడ వంచింది.

తర్వాతి పంపకాలు ఇలా జరిగాయి. ఎర్రమిట్ట, దాని పక్కనున్న తూము నక్క పిల్లలకు వచ్చాయి. చేపల చెరువు కొంగ పిల్లలకు. గాడిద పిల్లకు తండ్రి మోసిన గంప. గొర్రెక్క పిల్లకు కాలువ గట్టు మీది గడ్డిపరకలు, తల్లి అడిగిన ప్రశ్న. మైలన్న కోడెకు ఏమీ రాలేదు. ఎండాకాలం ఆనకట్టలో నీళ్లు తగ్గినప్పుడు అది లోయలోకి దిగి, బయటపడిన తాతల చేనిగట్లను వాసన చూసి వస్తుంది.

నీళ్లు తెస్తానన్నవాణ్ణి అవి పోయే దారి ముందే అడగండి. అడిగినవాళ్లను చూసి నవ్వకండి.