రాజుగారి రంగుటద్దాల కిటికీలు

ఒకానొక కొండరాజ్యాన్ని ఏలే ప్రతాపకంఠీరవుడికి తన కళ్ళ మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా లేదు. "మేము చూశాం" అన్నాడంటే ఇక దానికి తిరుగులేదు.

ఆయన ఒకసారి రేవుపట్నం వెళ్ళి, అక్కడి పాత చర్చిలో కూర్చుని, కిటికీల రంగుటద్దాలు చూసి మురిసిపోయాడు. తిరిగొచ్చీ రాగానే తన కొత్త కొలువుకూటానికి అలాంటి కిటికీలే కావాలన్నాడు. వడ్రంగి నాగలింగాచారి రెండేళ్ళపాటు కంటి మీద కునుకు లేకుండా ఎర్ర, పచ్చ, నీలం అద్దాలు పొదిగి పన్నెండు కిటికీలు నిలబెట్టాడు.

ఒక ఉదయం రాజు పల్లకీ ఎక్కి చూడబోయాడు. గృహప్రవేశానికి ఇంకా పదిరోజులుంది. అందాకా గడప దాటకూడదని పురోహితుడి మాట. తలుపులు మూసే ఉన్నాయి. రాజు వీధిలోంచే తల పైకెత్తాడు. పన్నెండు కిటికీలూ మాడిన పెనాల్లా నల్లగా ఉన్నాయి.

రాజుకి అంతా అయోమయంగా ఉంది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. అదే నలుపు. మరి చర్చిలో తన తెల్ల తలపాగా మీద పడిన ఆ ఎరుపేమైంది? అయోమయం కాస్తా కోపమైంది.

"ఏమయ్యా ఆచారీ! రంగులన్నీ మింగేశావా?"

"అయ్యో, లేదు మహాప్రభో! లోపలినుంచి చూస్తే..."

"ముహూర్తం లేకుండా మాచేత గడప దాటించి అరిష్టం అంటగడతావా? పొద్దు వాలేలోగా పెళ్ళాంబిడ్డలతో మా పొలిమేర దాటిపో!"

ఆచారికి పాపం, రెండేళ్ళ చాకిరీకి దక్కిన బహుమానం అదీ.

పక్కనే ఉన్న ఆస్థాన చమత్కారి బుచ్చిభట్టు గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, ఈ పనిదొంగ సంగతికి సాయంత్రం దాకా వ్యవధి ఉంది. గృహప్రవేశం నాడు ముందు నడవాల్సింది గోమాత కదా! కొత్త గడప చూసి ఆ రోజు మొరాయిస్తే ఎంత అప్రతిష్ఠ! ఇప్పుడే ఓసారి అలవాటు చేయిద్దాం."

"ఆవుకి ముహూర్తంతో పనిలేదు" అన్నాడు పురోహితుడు. పాలలాంటి తెల్లావును తోలుకొచ్చి, తలుపులు తెరిచి లోపలికి పంపారు. రాజు పల్లకీలోంచి వంగి చూస్తున్నాడు.

నాలుగడుగులు వేసేసరికి ఆవు మూపురం ఎర్రబడింది. మరో రెండడుగులకి పచ్చబడింది. తోక నీలం!

"ఎవడ్రా మా ఆవుకి రంగు పూసింది?" అని కేకేశాడు రాజు.

"కడిగిస్తాను ప్రభూ" అంటూ భట్టు దాన్ని బయటికి రప్పించాడు. ఎప్పటి తెలుపే. రాజు వేలితో రుద్ది చూశాడు. వేలికేమీ అంటలేదు. మళ్ళీ పంపించాడు, మళ్ళీ ఎరుపే! ఈసారి తానే పల్లకీ దిగి గడప దాకా వచ్చి, ఆవునీ కిటికీలనీ మార్చి మార్చి చూశాడు. పొద్దుటెండ అద్దాల్లోంచి లోపలికి దిగుతోంది.

"అంటే... బయటినుంచి చూడటం మాదే పొరపాటంటావా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"ఎంతమాట! కోట బయట జనమూ అంతే ప్రభూ. మా రాజుకి కోపం తప్ప ఇంకేమీ లేదంటుంటారు. వీధిలో నిలబడి చూస్తే ఇంకేం కనబడుతుందర్రా అని నేనే సర్దిచెబుతుంటాను."

రాజు ముఖం ముడుచుకుంది. అంతలోనే బోయీలు ఉలిక్కిపడేలా పకపకా నవ్వేశాడు. తన పట్టుశాలువా తీసి ఆచారి భుజాన కప్పి, "గృహప్రవేశం నాడు ఆవు వెనక నువ్వు నడు, నీ వెనక మేం వస్తాం" అన్నాడు. భట్టు వైపు తిరిగి, "ఆ ముచ్చట తీరగానే ఈ ఆవు నీదే, తోలుకుపో" అన్నాడు.

భట్టు వినయంగా చేతులు జోడించాడు. "ఏ ఆవు ప్రభూ? లోపలున్న ఎర్రదా, బయటికొచ్చే తెల్లదా?"