పాట లేని రోలు

పూర్వం ఒక సంస్థానంలో పాట లేకుండా వడ్లు దంచేవారు కారు. తల్లి పోయిన ఏడు జమీందారు విజయభూపతి ఆ అలవాటు మాన్పించాడు. తనకు ప్రశాంతత కావాలనీ, కోటలో ఎవరు పాడినా ఊరు విడిచి పోవాలనీ దండోరా వేయించాడు. నెల తిరగకుండానే, దంపుళ్లకు వచ్చే నూకాలు పాడుతూ పట్టుబడింది.

"రోకలి ఎత్తడానికి పాటెందుకే?" అని భూపతి గద్దించాడు.

"నేను చెబితే తమరికి నమ్మకం కుదరదు బాబూ. ఎదురు రోకలి తమరే పట్టండి. పాట లేకుండా ఈ రోట్లో వడ్లు దంచేశామా, ఈ పూటే ఊరు విడిచిపోతాను."

భూపతి విసురుగా రోకలి అందుకున్నాడు. నాలుగు పోట్లయినా పడకముందే రెండు రోకళ్లూ ఢీకొన్నాయి. వడ్లు చెల్లాచెదురయ్యాయి. ఆ మోతకు చూరులోని పావురాలన్నీ లేచిపోయాయి.

"ఇదేనా బాబూ, తమరు కోరిన ప్రశాంతత?" అంది నూకాలు.

అతడికి కోపం రాలేదు. గోడవారన నిలబడ్డ నూకాలు వదిన పైడమ్మ చేతికి కట్టు కనిపించింది.

"ఆ చెయ్యి?"

"పాట మానేసిన రోజున నా రోకలే వదిన చేతిమీద పడింది బాబూ. ఎవరి పోటు ఎప్పుడో పాటే చెప్పేది. ఆ పాట మాకు నేర్పింది తమరి అమ్మగారే."

భూపతి పైడమ్మ ముఖం చూడలేకపోయాడు. తన దుఃఖానికి కోటంతా నోరు మూసుకోవాలన్నాడు. తల్లి మిగిల్చి వెళ్లిన గొంతునే నొక్కేశాడు.

"పాడు," అన్నాడు తల వంచుకుని.

నూకాలు మెల్లగా ఎత్తుకుంది. రోట్లో మిగిలిన వడ్లు ఇద్దరూ కలిసి దంచారు.