రెండో పాట నేర్చిన చిలుక

అనగనగా, ఎప్పుడని అడక్కండి, గంధవతి అనే నగరంలో కుసుమధ్వజుడనే రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు, రెండోవాడు మణికేతు, చిన్నవాడు చిత్రభానుడు. రాణిగారిది ఐదు సముద్రాల అవతల ఉన్న ముత్యాల దీవి.

ఒకరోజు కరాళజిహ్వుడనే మాంత్రికుడు కొలువుకొచ్చి ఒక పాట పాడాడు. పాట బాగానే ఉంది. నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది. ఆ ఊరి అలవాటు ప్రకారం సభలో అందరూ తొడల మీద తాళం వేస్తూ తలలూపారు. రాజుగారు పొంగిపోయి అతన్ని ఆస్థాన గురువును చేశారు. అక్కడొచ్చింది తంటా!

మొదటి నెల గురువుగారు, "పరాయి దేశపు వాయిద్యాలు మోగకూడదు" అన్నాడు. రెండో నెల, "తాతల కాలపు పాటలు పాడకూడదు" అన్నాడు. మూడో నెల గోడల మీది పాత బొమ్మలన్నిటికీ సున్నం కొట్టించాడు. ఇక నగరమంతా ఒకే రంగు, ఒకే పాట. పెళ్ళికీ ఆ పాటే, చావుకీ ఆ పాటే. పాలు పితికేటప్పుడూ అదే పాడుతుంటే ఆవులు విసుగెత్తి తన్నేవి. ఎవరైనా వేరే పాట ఎత్తుకుంటే మంత్రజలం చల్లి రాయిని చేసేసేవాడు. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా, మీరే చెప్పండి!

ఒకనాడు రాణిగారు తల దువ్వుకుంటూ తన పుట్టింటి పాట పాడుకోసాగింది. రెండు చరణాలైనా కాకముందే మాంత్రికుడు ఊడిపడ్డాడు. చేతిలో దువ్వెనతో, తెరిచిన నోటితో, రాణి అలాగే నల్లరాయి అయిపోయింది.

రాజు కాళ్ళావేళ్ళా పడ్డాడు. మాంత్రికుడు మీసం దువ్వుకుని, "నీ కొడుకులు ముగ్గురూ నిండు సభలో 'మా అమ్మ పాడింది పాట కాదు' అనాలి. అంటే కనీసం రాయిగానైనా ఉండనిస్తాను. అనకపోతే సుత్తితో పిండి చేయిస్తాను" అన్నాడు.

పెద్దవాడు తల వంచుకుని అన్నాడు. రెండోవాడు కళ్ళు తుడుచుకుని అన్నాడు. చిన్నవాడు మాత్రం ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

"నేననను. నీ పాట ఎంత పాటో మా అమ్మ పాటా అంతే పాట."

"సాక్ష్యం ఉందా?"

"తెస్తాను."

మాంత్రికుడు పగలబడి నవ్వాడు. "సరే, మూడు పౌర్ణములు గడువు. నా ఎదుట ఆ పాట మొదటినుంచి చివరిదాకా పాడే సాక్షిని తీసుకురా. తేలేకపోయావో, సుత్తి సిద్ధం!"

చిత్రభానుడు నడిచీ నడిచీ సముద్రతీరం చేరాడు. అక్కడ ఒక ముసలి తాబేలు తెగిన వలలో చిక్కుకుని గింజుకుంటోంది. అతను వల కోసి దాన్ని విడిపించి, తన గోడు చెప్పుకున్నాడు.

"ఆ దుర్మార్గుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల, ఇనుప పంజరంలోని చిలుకలో ఉంది నాయనా," అంది తాబేలు. "నిన్ను మోసుకుపోతాను. కానీ ఒక్కమాట. వెక్కిరించేవాళ్ళను నా వీపు మోయదు."

మూడు సముద్రాలు దాటాక ఒక గుహ వచ్చింది. లోపల రాతిగోడ మీద ఎర్రమట్టితో గీసిన లేడి బొమ్మ. ఎప్పటి మనుషులు గీశారో, వాళ్ళ ఎముకలు కూడా మిగల్లేదు.

"ఎనిమిది కాళ్ళ లేడి! గీసినవాడికి లెక్కలు రావేమో తాతా!" అని చిత్రభానుడు నవ్వాడు.

తాబేలు గభాలున తల లోపలికి లాక్కుంది. బతిమాలినా పలకదు, బుజ్జగించినా పలకదు. దిక్కులేక రాకుమారుడు కాగడా పట్టుకుని ఆ బొమ్మ ముందే కూర్చున్నాడు. ఒకరోజు చూశాడు, రెండు రోజులు చూశాడు. మూడోరోజు గాలికి కాగడా రెపరెపలాడింది. లేడి పరుగెత్తింది! అవి ఎనిమిది కాళ్ళు కావు, పరుగెడుతున్న నాలుగు కాళ్ళు. చిత్రభానుడు సిగ్గుపడి, పేరు తెలియని ఆ బొమ్మగీసినవాడికి చేతులు జోడించాడు. తాబేలు తల బయటికి వచ్చింది.

ఐదు సముద్రాలు దాటాక ముత్యాల దీవి వచ్చింది. అక్కడ తరళ అనే అమ్మాయి పడవలో కూర్చుని పాడుతోంది. అది అమ్మ పాటే! చిత్రభానుడి ప్రాణం లేచొచ్చింది. అలవాటు కొద్దీ తొడ మీద తాళం వేశాడు. తరళ ఠక్కున ఆపేసింది.

"ఎందుకాపావు?"

"నువ్వేగా ఆపమన్నావు. తొడ చరిస్తే మా దీవిలో ఇక చాలించమని."

"అయ్యో, మా ఊళ్ళో అది మెచ్చుకోవడం!"

తరళ ఫక్కున నవ్వింది. "ఏమయ్యా రాకుమారా, దీనికి తాళం ఎక్కడుంది? ముత్యాల కోసం మనిషి నీళ్ళలో మునుగుతాడు. తేలేదాకా పైనున్న ఆడవాళ్ళం ఈ పాట పాడతాం. వాడెప్పుడు తేలతాడో ఎవరికి తెలుసు? దానికి నువ్వు లెక్క ఎలా వేస్తావు?"

చిత్రభానుడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. తరళ మళ్ళీ మొదలెట్టింది. నీళ్ళలో వాళ్ళ నాన్న ఉన్నాడు. పాట సాగుతోంది, సాగుతోంది, ఎంతకీ తేలడే! చివరికి ఆయన తల పైకి వచ్చినప్పుడు పాట ఆగింది. రాకుమారుడి చెంపలు తడిసిపోయాయి. జరిగిందంతా ఆమెకు చెప్పాడు.

"మా పాటను పాట కాదన్నాడా?" అని తరళ లేచింది. "పద, వాడి ఎదురుగా నేనే పాడతాను."

"పాట పూర్తికాకముందే నిన్ను రాయిని చేస్తాడు."

"అయితే ఆ చిలుక దగ్గరికి నేనూ వస్తాను," అని పడవ దిగి తాబేలు వీపెక్కింది.

ఏడో సముద్రం దాటారు. నల్లటి దిబ్బ మీద ఇనుప పంజరం, అందులో చిలుక. చుట్టూ రాతిమనుషులు, అందరివీ చిలుక మెడ కోసం చాచిన చేతులే. చిలుక మాంత్రికుడి పాటే పాడుతోంది. చిత్రభానుడు చెయ్యి చాచలేదు. కింద కూర్చుని చివరిదాకా విన్నాడు.

"బాగుంది," అన్నాడు. "ఇంకోసారి పాడు."

చిలుక మెడ సాచి అతన్ని ఎగాదిగా చూసింది. "మూడొందల ఏళ్ళలో వినడానికి కూర్చున్నవాడివి నువ్వొక్కడివే! అందరూ నా మెడ నులమడానికే వచ్చారు. ఇది వాడి పాట కాదు బాబూ. ఏదో కొండ మీద ఒక గొర్రెల కాపరి పాడుకునే పాట. వాడు దొంగిలించాడు."

అప్పుడు తరళ తన పాట పాడింది. చిలుక పంజరం ఊచల దగ్గరికి గెంతింది. "అది నాకు నేర్పమ్మా! నేను రెండో పాట చివరిదాకా పాడితే వాడి ప్రాణం నాలోంచి పోతుంది. దాంతోపాటు నేనూ పోతానేమో. పోతే పోయాను! ఒకే పాటతో ఇంకో మూడొందల ఏళ్ళు బతకమంటే నావల్ల కాదు!" పంజరం తలుపు తీసి దాన్ని వెంట తీసుకొస్తుంటే, దారంతా అది తరళ దగ్గర పాట నేర్చుకుంది, చివరి చరణం మాత్రం సభ కోసం పాడకుండా దాచుకుంది.

మూడో పౌర్ణమి నాడు పొద్దున్నే సభ నిండింది. రాణి విగ్రహం పక్కన సుత్తి పట్టుకుని మాంత్రికుడు నిలబడ్డాడు. చిత్రభానుడు భుజం మీద చిలుకతో, పక్కన తరళతో లోపలికొచ్చాడు.

"ఇదే నా సాక్షి!"

చిలుక పాట మొదలెట్టింది. మాంత్రికుడి మొహం పాలిపోయింది. మంత్రజలం ఎత్తాడు. కానీ ఎలా చల్లుతాడు? చిలుక రాయైతే తన ప్రాణమూ రాయే! ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. పాట అయిపోయింది. మాంత్రికుడు పిడికెడు బూడిదై రాలిపోయాడు. చిలుక మాత్రం ఒళ్ళు దులుపుకుని, "నేనున్నాను!" అని అరిచింది. రాళ్ళన్నీ మనుషులయ్యాయి. రాణి కొడుకును గుండెకు హత్తుకుంది.

అంతటితో అయిపోయిందనుకున్నారా? లేదు. జనం పెద్దగా కేకలు పెట్టారు: "ఇక వాడి పాట ఎవడైనా పాడితే నాలుక కోయాలి!" రాజు సరేనంటూ శాసనం రాయించాడు. చిత్రభానుడు ఆ తాటాకు లాక్కుని పర్రున చించాడు.

"అది గొర్రెల కాపరి పాట. నిన్న వాడు మా అమ్మ నోరు మూశాడు. ఇవాళ మనం ఆ కాపరి నోరు మూస్తే, మాంత్రికుడు చచ్చినట్టా, బతికినట్టా?"

అప్పుడు రాణి లేచింది. అందరికంటే ఎక్కువ బాధపడ్డ మనిషి! తనే గొంతెత్తి కాపరి పాట అందుకుంది. భయం లేకుండా విన్నాక, అది ఎంత చల్లని పాటో ఆ ఊరికి తెలిసింది.

చిత్రభానుడికీ తరళకూ ఏడురోజుల పెళ్ళి జరిగింది. గోడల సున్నం గీకితే కింద తాతల బొమ్మలు భద్రంగానే ఉన్నాయి. తరువాత అతను రాజై అరవై ఏళ్ళు ఏలాడు. ఎక్కడెక్కడి పాటగాళ్ళో వచ్చేవారు. అన్నీ అతనికి నచ్చేవనుకోకండి. కొన్ని అస్సలు నచ్చేవి కావు. అయినా చివరిదాకా వినేవాడు. ఓపిక లేనివాళ్ళు లేచి వెళ్ళడానికి సభ తలుపులు తెరిచే ఉండేవి. పాడేవాడి నోరు మాత్రం ఆ రాజ్యంలో మళ్ళీ ఎవరూ మూయలేకపోయారు.