ఖాళీ చేతుల డాక్టరు

పరాంకుశం గారిని ఏదైనా ప్రశ్న అడిగితే ముందు చెప్పులు వేసుకునేవారు. జవాబు తన నోట్లో లేదని, ఎక్కడో బయట ఉంటుందని ఆయన నమ్మకం. మనసుకు వచ్చే జబ్బులకు వైద్యం చేసి పేరు తెచ్చుకున్న మనిషి. ఉద్యోగం విరమించాక కొండల దిగువన ఒక పెంకుటింట్లో ఉంటూ మాబోటి కుర్ర డాక్టర్లకు ఆ విద్య నేర్పేవారు. ఆయన దగ్గర చదువు హాయిగానే సాగేది గాని, కాళ్ళు మాత్రం గట్టివి కావాలి.

మాలో త్రినాథ్ బుద్ధిమంతుడు, కష్టపడేవాడు, కాస్త ముక్కోపి. కొండమీది నేరేడుపుట్టులో పంచాయతీవారిని బతిమాలి ఒక గది సంపాదించాడు. సున్నం వేయించాడు. లోపలి మాట బయటికి పొక్కకూడదని గుమ్మానికి మందపాటి తెర కట్టాడు. మనోవైద్యం ఉచితమని బోర్డు రాయించాడు. ప్రతి గురువారం జీపులో అంత దూరం వెళ్ళి సాయంత్రందాకా అక్కడే కూర్చునేవాడు. వచ్చినవాళ్ళెవరయ్యా అంటే, మోకాలి నొప్పికి మందు అడిగిన ముసలాయన ఒకరు, తెర అంచు నమిలిపోయిన మేక ఒకటి.

నవ్వులాటకేం గాని, అతని దిగులుకు కారణం వేరే ఉంది. ఆ ఊళ్ళో కాసులమ్మ అనే బాలింత గురించి అక్కడి ఆశా కార్యకర్త అతనికి చెప్పింది. కాన్పయినప్పటి నుంచి కాసులమ్మకు తిండి సహించడం లేదు, నిద్ర పట్టడం లేదు, కన్నబిడ్డను చేతుల్లోకి తీసుకోవడం లేదు. తాయెత్తులు కట్టించారు, దిష్టి తీశారు. ఇక ఆమెను పుట్టింట్లో దింపేసి బిడ్డను తామే పెంచుకుందామని అత్తవారింట్లో మాటలు నడుస్తున్నాయి. త్రినాథ్ కబురు మీద కబురు పంపాడు. ఆమె రాలేదు.

ఒక గురువారం పొద్దున జీపు ఎక్కబోతూ అతను ఆగిపోయాడు.

“గురువుగారూ, మనం కొండ ఎక్కాం. వాళ్ళు గుమ్మం ఎక్కరేం?”

గురువుగారు చెప్పులు వేసుకుని జీపెక్కారు. నేనూ వెనక సీట్లో కూర్చున్నాను.

అది చింతపండు కాలం. ఊరి నడుమ కళ్ళంలో చింతకాయలు రాశులు పోసి, చుట్టూ ఆడవాళ్ళు, ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు కూర్చుని పెంకు కొట్టి పిక్కలు తీస్తున్నారు. గురువుగారు గదివైపు చూడనైనా చూడలేదు. తిన్నగా కళ్ళంలోకి వెళ్ళి, “నాకూ ఓ రాయి ఇవ్వమ్మా” అని, ఒళ్ళో పసిబిడ్డను పడుకోబెట్టుకున్న ఒక ముసలమ్మ పక్కన కూలబడ్డారు. ఆమె పేరు బుద్రమ్మ. రాయి ఇచ్చింది, ఎందుకని అడగలేదు.

త్రినాథ్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. బుద్రమ్మ తలెత్తింది.

“నిలబడితే నీడ పడతంది బాబూ, కూకో.”

కూర్చున్నాడు. అయినా అతని దగ్గర ఎవరూ నోరు విప్పలేదు. బుద్రమ్మ కాసేపు చూసి, ఒక కుప్ప కాయలు అతని ముందుకు తోసింది.

“సేతులు కాళీగా ఎట్టుకుని కూకుంటే మా వోళ్ళు మాటాడరు బాబూ. ఏదో రాసుకుపోడానికొచ్చిన సర్కారోడనుకుంటారు.”

త్రినాథ్ చొక్కా చేతులు మడిచి మొదలుపెట్టాడు. పిక్కతో పాటు సగం పండు కూడా పారేస్తుంటే ఒకావిడ పకపకా నవ్వి, ఈ డాక్టరుబాబుని ఇంట్లో ఎట్టుకుంటే మూడుపూటలా చప్పిడి పులుసే అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో వాళ్ళ మాటలు మళ్ళీ సాగాయి. ఎవరి కోడి పోయిందో, ఎవరి అల్లుడు అలిగాడో అన్నీ దొర్లాయి. గురువుగారు వింటూ పిక్కలు తీస్తున్నారు. కాన్పుల సంగతి వచ్చినప్పుడు మాత్రం, ఎవరి మొహమూ చూడకుండా, చేతిలో పని ఆపకుండా ఒక మాట అన్నారు.

“పురుడయ్యాక అందరికీ వెంటనే పాలు పడవు కదమ్మా. సంతోషమూ అంతే. కొందరికి ఆలస్యంగా పడుతుంది. అది తల్లి తప్పు కాదు. దానికి మందుంది.”

రాళ్ళ చప్పుడు సాగుతూనే ఉంది. కొంతసేపటికి ఒక నడివయసావిడ, రెండో కాన్పుకి తనకూ అలాగే అయిందనీ, పసుపు తవ్వకాలు అయిపోయేదాకా మనిషి కాలేకపోయాననీ, ఎవరికీ చెప్పుకోలేదనీ అంది. ఇంకొకామె తన చెల్లెలి సంగతి చెప్పింది.

అప్పుడు వరస చివర, తల వంచుకుని పని చేస్తున్న ఒక సన్నటి పిల్ల మాట్లాడింది.

“నాకు బిడ్డని సూత్తే బయమేత్తంది బాబూ.”

బుద్రమ్మ చేతిలో రాయి ఆగింది. ఆమె ఒళ్ళో గుడ్డల్లో నిద్రపోతున్నది ఆ పిల్ల బిడ్డే. “ఏటి బయమే?” అంది, గొంతు తగ్గించి.

“నా సేతిలో దానికేటయిపోద్దోనని. అందుకే ముట్టుకోను. నాకు పేమ లేక కాదత్తా.”

కాసులమ్మ ఈమేనని త్రినాథ్‌కు అప్పటికి తెలిసింది. ఇన్ని వారాలూ అతను తెర వెనక ఎవరికోసం ఎదురుచూశాడో ఆ మనిషి, ఆ గదికి కూతవేటు దూరంలో చింతపండు కొడుతూనే ఉంది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి, దాచడం దేనికి.

ముసలమ్మ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. కోడలి వైపు చాలాసేపు చూసి, “ముందే సెప్తే కొట్టేత్తానేటి” అని మాత్రం అంది.

తర్వాత గురువుగారు, త్రినాథ్ ఆ అత్తాకోడళ్ళతో వాళ్ళ అరుగుమీద విడిగా కూర్చుని మాట్లాడారు. మందు ఇచ్చారు. రాత్రిపూట బిడ్డ ఏడిస్తే అత్త లేవాలని, కోడల్ని నిద్రపోనివ్వాలని ఒప్పందమైంది. పుట్టింటి మాట ఆ ఇంట్లో మరి లేవలేదు. త్రినాథ్ ఏ గురువారమూ మానలేదు. కాసులమ్మ మొదట బిడ్డ పాదం ముట్టుకుంది. కొన్నాళ్ళకు అత్త పక్కన ఉంటే నీళ్ళు పోసింది. మధ్యలో ఒక వారం మళ్ళీ ముడుచుకుపోయింది, మళ్ళీ తేరుకుంది. చింతపండు గంపలు సంతకు దిగిపోయే వేళకు ఆమె బిడ్డను చంకనేసుకుని, త్రినాథ్ పారేసిన పిక్కలు చూసి అతన్ని తిట్టడం నేర్చుకుంది.

ఆ పైన కళ్ళంలోకి అడ్డాకులు వచ్చాయి. వాటిని పుల్లలతో కుట్టి విస్తళ్ళు చేస్తారు. ఆ గురువారం గురువుగారు మళ్ళీ మాతో వచ్చారు. మేము కూర్చుని ఆకు అందుకుంటుండగా కాసులమ్మ వచ్చింది. ఒక చంకలో బిడ్డ, రెండో చేత్తో ఒక పిల్ల చెయ్యి పట్టుకుని ఉంది. పై గూడెం పిల్లట. వానలకు కొండచరియ విరిగి తమ్ముడు పోయినప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదట. కాసులమ్మ ఆ పిల్లను త్రినాథ్ పక్కన కూర్చోబెట్టి, ముందు ఆకులు పోసి, ఇంకేమీ చెప్పకుండా తన చోటికి వెళ్ళింది.

త్రినాథ్ మొహం వెలిగిపోయింది. చేతిలో ఆకు కింద పెట్టి, ఆ పిల్లవైపు తిరిగి, పేరు అడగబోయాడు.

“కూర్చుందంతే త్రినాథ్, ఇంకా నీ దగ్గరికి రాలేదు” అన్నారు గురువుగారు మెల్లగా. “ఆకు కుట్టు.”