కొర్లయ్య సరంగు, కుంపటి చుక్క

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే పెద్ద ఊరేం కాదమ్మడూ, సముద్రం అంచున ఇసకలో పాతిక తాటాకు ఇళ్ళు, అంతే. దాని పేరు పాలరేవు. ఆ రేవులో కొర్లయ్య అని ఒక సరంగు ఉండేవాడు. సరంగంటే నావలో చుక్కాని పట్టుకుని దారి నడిపించేవాడన్నమాట.

ఆ రేవు నోటి దగ్గర నీళ్ళల్లో రెండు పెద్ద రాళ్ళుండేవి. నావ ఆ రెండింటి సందులోంచే లోపలికి రావాలి. ఒక్క బార అటో ఇటో అయిందా, పలకలు ఊడొచ్చేస్తాయి. నలభై ఏళ్ళు కొర్లయ్యే చుక్కాని పట్టాడు. ఒక్కనాడూ నావ రాయికి రాసుకోలేదు.

చీకటి పడ్డాక ఆయన దక్షిణం వైపు చూసేవాడు. అక్కడ అగస్త్య నక్షత్రం తెల్లగా ధగధగలాడుతూ ఉండేది. అది అందరికీ తెలిసిన చుక్కే. దానికి ఎడమ పక్కన, కాస్త పైకి, ఎర్రగా ఇంకో చుక్క ఉండేది. కొర్లయ్య చిన్నప్పుడు వాళ్ళమ్మ దాన్ని చూపించి, "అదిగో కుంపటి సుక్క" అని చెప్పింది. దారికి అగస్త్యుడు చాలు కదా, అందుకని ఆ ఎర్ర చుక్కతో ఊళ్ళో ఎవరికీ పనిలేకపోయింది. కొర్లయ్య మాత్రం దాన్ని ఒకసారి పలకరించి గానీ ఇంట్లోకి వెళ్ళేవాడు కాదు.

అలా ఉండగా, ఒక ఏడు పుష్యమాసంలో ఆయన కొడుకుతో అన్నాడు, "ఒరే దానయ్యా, కుంపటి సుక్క మసకబారతందిరా."

దానయ్య వల దులుపుకుంటున్నాడు. "సుక్కలు మసకబారతాయేటయ్యా? మంచు కమ్మింది," అన్నాడు.

ఆ తర్వాత మాఘమాసం వచ్చింది. మంచు విడిపోయింది. "ఇంకా తగ్గిపోనాదిరా," అన్నాడు కొర్లయ్య. నావలో వాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

ఆ తర్వాత అమావాస్య వచ్చింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. కొర్లయ్య ఎంతసేపు చూసినా ఆ చోట ఏమీ కనిపించలేదు. "పోనాది," అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. చుక్క కనిపించనివాడికి రాళ్ళు కనిపిస్తాయా అని అందరికీ గుబులు పుట్టింది.

అప్పుడు ఆ ఊరి పెద్ద బంగారయ్య వచ్చి కొర్లయ్య పక్కన కూచున్నాడు. ఆయన చెడ్డవాడు కాడమ్మడూ, మంచివాడే. చాలాసేపు ఇసకలో గీతలు గీశాడు. చివరికి, "బావా, నీ మీద గౌరవం నేక కాదు. నావలో ఎనిమిది పేణాలుంటాయి," అన్నాడు.

కొర్లయ్యకీ లోపల భయంగానే ఉంది. చుక్క ఆరిపోవడం ఎవరైనా విన్నారా? ముసలితనంలో కళ్ళు పోవడం మాత్రం ఇంటింటా ఉన్నదే. అందుకని తనే వెళ్ళి చుక్కాని పిడి కొడుకు చేతిలో పెట్టేశాడు. మర్నాటి నుంచి నావ వెళ్ళిపోతుంటే ఒడ్డున నిలబడి చూసేవాడు.

ఆ ఇంటి కోడలు పేరు పైడమ్మ. గలగలా మాట్లాడే మనిషి కాదు గానీ, ఒక సంగతి పట్టుకుందంటే వదలదు. ఒకరోజు చేపలు ఎండబెడుతుంటే ఆమె మడమలో ముల్లు విరిగింది. ఎంత వెతుక్కున్నా ఆమెకి కనిపించలేదు.

"ఇలా సూపించమ్మీ," అని కొర్లయ్య సూది తీసుకున్నాడు. దీపం వెలుగులో ఒక్కసారి చూశాడు, చిటుక్కున తీసేశాడు. ఆ ముల్లు వెంట్రుకంత ఉంది!

'కళ్ళు కనపడనోడు ఇదెలా తీశాడబ్బా?' అనుకుంది పైడమ్మ.

ఆ తర్వాత, మర్నాడు సాయంకాలం ఇద్దరూ ఒడ్డున ఉన్నారు. దూరంగా ఒక తెరచాప. ఆమెకి అది తెల్లటి పిట్టలా ఉంది. "అదెవరి నావ మావా?" అనడిగింది.

"ఎల్లాజీది. సాప కింది మూల నల్లగుడ్డ మాసిక ఏసినాడు, కనపడ్నేదా?"

నావ ఒడ్డుకి చేరాక చూస్తే అది ఎల్లాజీదే. కింది మూల నల్లగుడ్డ మాసికా ఉంది.

ఆ తర్వాత, చీకటి పడగానే పైడమ్మ మావగారి పక్కన చతికిలబడింది. "నాకు ఆ సుక్క తెలీదు మావా. ఎక్కడుండేదో సూపించు," అంది.

కొర్లయ్య గవ్వలు ఏరి ఇసకలో పరిచాడు. పెద్ద గవ్వ అగస్త్యుడు. ఇదిగో ఈ మూడూ ఒక పక్క, ఈ రెండూ ఒక పక్క, ఇంకా ఇవి కంటికి ఆనీ ఆననంత చిన్నవి. వాటి మధ్యన ఒక చోట వేలితో గుంట చేశాడు. "ఇదీ కుంపటి సుక్క ఉండే చోటు."

పైడమ్మ గవ్వల్ని చూసింది, ఆకాశాన్ని చూసింది. ఒక్కో గవ్వా ఒక్కో చుక్కా సరిచూసుకుంది. అన్నీ ఉన్నాయి. ఆనీ ఆననంత చిన్నవాటిని పట్టుకోడానికి ఆమె వయసులో ఉన్న కళ్ళు కూడా చికిలించాల్సి వచ్చింది. గుంట ఉన్న చోట మాత్రం ఆమెకీ ఏమీ కనపడలేదు.

పైడమ్మ చటుక్కున మావగారి వైపు తిరిగింది. "మావా! నీ కళ్ళు బాగానే ఉన్నాయి. సుక్కే పోనాది!"

కొర్లయ్య ఆ మాట విని కండువాతో మొహం తుడుచుకున్నాడు. రెండు నెలల్లో ఆయన్ని నమ్మిన మొదటి మనిషి ఆమె.

మర్నాడు పైడమ్మ ఊరందర్నీ పిలిచి గవ్వలు చూపించింది. బంగారయ్య గడ్డం గోక్కున్నాడు. "బాగానే ఉంది గానీ తల్లీ, అక్కడో సుక్క ఉండేదని మేం సూసినామేటి?"

"మీరెవరూ సూడనేదు. అది మావ తప్పా?" అంది పైడమ్మ. దానయ్య తల దించుకున్నాడు.

అప్పుడు కొర్లయ్య అన్నాడు, "అది ఎప్పుడూ కొంత తగ్గి కొంత పెరుగుతానే ఉండేది. నాలుగైదు నెల్లకో పాలి. ఇంతలా పోవడం మాత్రం ఇదే మొదలు. మళ్ళీ వస్తే ఉగాదికి అటో ఇటో రావాల."

"రాకపోతే?"

"రాకపోతే నా కళ్ళే పోనాయనుకోండి. నాను మరి సుక్కాని ముట్టుకోను."

ఇప్పుడు నీకో సంగతి చెప్తాను, పాపం కొర్లయ్యకి తెలీనిది. ఆ చుక్క చాలా ముసలిది. దాని కడుపులో కాలవలసింది చాలామటుకు కాలిపోయింది. అలాంటప్పుడు చుక్క చిన్నదైపోతుందనుకుంటావు కదూ? కాదు, ఉబ్బిపోతుంది! మన సూర్యుణ్ణి తీసేసి అక్కడ దాన్ని కూచోబెడితే, సూర్యుడికీ మనకీ మధ్య ఉన్న దారిలో సగం అదే ఆక్రమించేస్తుంది. అంత పెద్దది. కానీ అంత ఒంటికీ వేడి చాలక ఎర్రబడుతుంది. బాగా కాలిన ఇనుము తెల్లగా ఉంటుంది, చల్లారుతున్నది ఎర్రగా ఉంటుంది, చూశావుగా? అదీ అంతే.

పైగా అది ఊపిరి తీసుకున్నట్టు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. అందుకే వెలుగు ఒకసారి హెచ్చుతుంది, ఒకసారి తగ్గుతుంది. ఒంటిమీంచి మసిలాంటి దుమ్ము కూడా ఎగజిమ్ముతుంది. ఆ దుమ్ము అడ్డమొచ్చిందనుకో, మనకి ఇంకా మసగ్గా కనిపిస్తుంది. ఇంకో వింత విను. దాని వెలుగు మన దాకా రావడానికి రెండొందల ఏళ్ళు పడుతుందిట! కొర్లయ్య ఒడ్డున కూచుని బెంగపడుతున్నాడే, ఆ చుక్క మసకబారింది ఆయన తాతకి తాత నాటి మాట.

నిద్రొస్తోందా? ఇంకాస్తే ఉంది, విను.

ఫాల్గుణం వెళ్ళింది. రోజూ పొద్దుగూకగానే ఊళ్ళో వాళ్ళు ఒక్కొక్కరే ఇసకలోకి వచ్చేవారు. గవ్వల్ని చూసేవారు, ఆకాశం చూసేవారు. అంతకుముందు అగస్త్యుడొక్కణ్ణే ఎరిగినవాళ్ళు ఇప్పుడు పక్క చుక్కల్ని కూడా వేలు పెట్టి చూపించుకునేవారు. ఉగాది వచ్చింది. అందరూ పచ్చడి తిన్నారు. చుక్క రాలేదు.

ఉగాది మర్నాడూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. బంగారయ్య కొర్లయ్యని చూసినప్పుడల్లా తల పక్కకి తిప్పుకునేవాడు. పైడమ్మ మాత్రం రోజూ సాయంత్రం మావగారి పక్కన కూచునేది. ఆయన ఏమీ మాట్లాడేవాడు కాదు. ఆమె అడిగేదీ కాదు.

అలా వారం గడిచింది. ఒకనాడు చీకటి పడ్డాక నావ రేవులోకి వచ్చింది. ఇంకా ఒడ్డు తగలకుండానే దానయ్య మోకాలి లోతు నీళ్ళల్లోకి దూకేశాడు. తడిసిన పంచెతో ఇసకలో పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యా! అయ్యా! ఎర్రగా ఉంది! నీ కుంపటి సుక్క వొచ్చీసినాది!"

ఊరంతా బిలబిలమంటూ వచ్చింది. ఎవరి వేలు చూసినా ఆకాశంలోనే ఉంది. చిన్నగా, దానిమ్మ గింజలా, సరిగ్గా కొర్లయ్య గుంట చేసిన చోటే ఉంది చుక్క. బంగారయ్య కళ్ళు నులుముకుని మరీ చూశాడు. "ఉంది బావా. ఉంది," అన్నాడు.

కొర్లయ్య కూచున్న చోటు నుంచి కదల్లేదు. మెల్లిగా నవ్వాడు. "మూడు రోజులయ్యింది అది వొచ్చి," అన్నాడు.

పైడమ్మ గిరుక్కున తిరిగింది. "మూడు రోజులా! పక్కనే కూకున్నాను కదా మావా, నాకైనా సెప్పనేదేటి?"

"నువ్వు నమ్ముతావని తెలుసమ్మీ. నువ్వెళ్ళి ఊరికి సెప్తావు. ఊరేమో, ముసిలోడు ఆశకొద్దీ అంటన్నాడు, కోడలు వొంత పాడతంది అనుకుంటాది. అందుకే నోరు మూసుకున్నాను. ఇంకో కన్ను దానంతటది సూడాల," అన్నాడు కొర్లయ్య. అని కొడుకు తడి తల మీద చెయ్యి వేశాడు. "నా కొడుకు సూసినాడు. సాలు."

దానయ్య ఇసకలోనే తండ్రి కాళ్ళ దగ్గర కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అప్పుడు బంగారయ్య, "రేపటి నుంచి సుక్కాని నీదే బావా," అన్నాడు.

"ఎల్లేటప్పుడు దానయ్యే పడతాడు. ఆడూ నేర్చుకోవాల గదా. వొచ్చేటప్పుడు, రాళ్ళ కాడ, నాను పడతాను," అన్నాడు కొర్లయ్య.

మర్నాడు పొద్దుగూకాక నావ తిరిగొచ్చింది. అలలు ఎత్తుగా ఉన్నాయి. కొర్లయ్య చుక్కాని పట్టుకుని ఒక్కసారి ఎడమకి నొక్కాడు, ఒక్కసారి వదిలాడు. నావ రెండు రాళ్ళ మధ్య నుంచి వెన్నలో వేలు దిగినట్టు జారి లోపలికి వచ్చింది. ఒడ్డున పైడమ్మ గుండె కుదుటపడి, పరుగున ఇంటికి వెళ్ళి పొయ్యి రాజేసింది. ఆ పూట వాళ్ళింట్లో వంజరం పులుసు. తండ్రీ కొడుకూ పోటీలు పడి తిన్నారు. పైడమ్మకి అడుగున ముక్క మిగిల్చారో లేదో మరి, అది మాత్రం నాకెవరూ చెప్పలేదు!

కథ కదిలె కంచికి,
చుక్క చేరె మింటికి,
మనం వచ్చాం ఇంటికి,
నిద్ర వచ్చె కంటికి,
నా బంగారు కంటికి.